రెండు ఆప్షన్లు ఒకటయ్యాయి: ఒక పిచ్చర్ జీతం ఆర్బిట్రేషన్, కాంట్రాక్టు పొడిగింపు కేసు

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్ళ తరఫున జీతాల కేసులు తయారుచేసే ఒక ఏజెన్సీలో నేను విశ్లేషకుడిగా పనిచేస్తున్నాను. ఇక్కడ స్టాటిస్టిక్స్, లా చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఈ పని గురించి అడిగినప్పుడల్లా మొదటి ప్రశ్న "ఎంతకి సెటిల్ చేశారు?" అనే ఉంటుంది. ఈ కేసులో ఆటగాడికి మేలు జరిగింది మొత్తం డబ్బు పెరిగినందువల్ల కాదు. చివరికి మొత్తం కొంచెం తగ్గింది కూడా. అయినా మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు నేను ముందుగా చూపించే ఫైలు ఇదే.

ఆటగాడి పేరు, జట్టు, సంవత్సరం రాయడం లేదు. డబ్బు అంకెలు మార్చాను, వాటి మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు అలాగే ఉంచాను. గాయం వివరాలు కూడా కొంత మార్చాను. ఇది లీగ్‌కూ ఆటగాళ్ళ యూనియన్‌కూ మధ్య 2022 నాటి ఒప్పందం వచ్చాక జరిగిన కేసు అని మాత్రం చెప్పాలి, ఎందుకంటే అందులోని ఒక నిబంధన ఇక్కడ పనికొచ్చింది.

నేపథ్యం

ఐపీఎల్ వేలం చూడ్డానికి అలవాటుపడ్డవాళ్ళకు ఈ పద్ధతి వింతగా అనిపిస్తుంది. వేలంలో పది జట్లు పోటీపడి ధర తేలుస్తాయి. బేస్‌బాల్‌లో కొత్త కుర్రాడికి ఆ పోటీ ఆరేళ్ళ దాకా దొరకదు. మేజర్ లీగ్ జట్టులో 172 రోజులుంటే ఒక సంవత్సరం సర్వీసు కింద లెక్క. మూడేళ్ళ సర్వీసు నిండేదాకా దాదాపు కనీస జీతమే వస్తుంది. 2022లో అది 7,00,000 డాలర్లు, 2025లో 7,60,000. మూడో ఏడు నిండాక ఆర్బిట్రేషన్ హక్కు, అంటే జీతాన్ని మధ్యవర్తుల ముందు తేల్చుకునే హక్కు; ఆరో ఏడు నిండాక ఫ్రీ ఏజెన్సీ, అంటే ఏ జట్టుకైనా వెళ్ళే స్వేచ్ఛ. మధ్యలో 'సూపర్ టూ' అనే వెసులుబాటు ఒకటుంది. రెండేళ్ళు దాటి మూడేళ్ళు నిండనివాళ్ళలో, కిందటి సీజన్లో కనీసం 86 రోజులు మేజర్ లీగ్ సర్వీసు ఉన్నవాళ్ళను సర్వీసు ప్రకారం వరుసలో పెట్టి, పై 22 శాతం మందికి ఒక ఏడాది ముందే ఆర్బిట్రేషన్ హక్కు ఇస్తారు. వాళ్ళకు మూడు బదులు నాలుగు ఆర్బిట్రేషన్ సంవత్సరాలు వస్తాయి.

ఆర్బిట్రేషన్ హియరింగులు 1974లో మొదలయ్యాయి. జనవరి మధ్యలో ఆటగాడు ఒక అంకె, క్లబ్ (అతని జట్టు యాజమాన్యం) ఒక అంకె ఇస్తారు. హియరింగ్ దాకా వెళ్తే ముగ్గురు ఆర్బిట్రేటర్లు ఆ రెండింట్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. మధ్యేమార్గం లేదు. తీర్పుకు కారణాలు కూడా చెప్పరు. ఒక్కో పక్షానికి వాదించడానికి గంట, ఎదుటి వాదనకు జవాబివ్వడానికి అరగంట. కిందటి సీజన్ ఆట, కెరీర్ నిలకడ, పాత జీతాలు, దాదాపు అంతే సర్వీసున్న ఆటగాళ్ళ జీతాలు, శారీరక ఇబ్బందులు, జట్టు ఫలితాలు మాట్లాడొచ్చు. క్లబ్ ఆర్థిక పరిస్థితి, పత్రికల్లో వచ్చిన వ్యాఖ్యలు, అంతకుముందు బేరంలో వచ్చిన ఆఫర్లు ప్రస్తావించకూడదు.

ఇక మన ఆటగాడు. స్టార్టింగ్ పిచ్చర్, అంటే ఆట మొదటి నుంచి బంతులు వేసేవాడు; అలా మొదలుపెట్టిన ప్రతి ఆటా ఒక 'స్టార్టు'. వయసు 26. కాలేజీ నుంచి డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతి) చాలా కింది రౌండ్‌లో తీసుకున్నారు కాబట్టి సైనింగ్ బోనస్ నామమాత్రం. మైనర్ లీగ్‌లో ఉండగానే మోచేతి లిగమెంటును మార్చే టామీ జాన్ సర్జరీ అయింది. సర్వీసు రెండేళ్ళ పైన కొన్ని నెలలు. ఆ ఏడాది సూపర్ టూ హద్దును కొద్ది రోజుల తేడాతో దాటాడు. పెళ్ళయింది, మొదటి బిడ్డ పుట్టబోతోంది, చెప్పుకోదగ్గ పొదుపు లేదు.

సమస్య ఎలా వచ్చింది

ఆ సీజన్ మొదటి సగం అద్భుతంగా వేశాడు. రెండో సగంలో మోచేతిలో వాపు వచ్చి ఆరు వారాలు గాయాల జాబితాలో ఉన్నాడు. ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున పిచ్చర్ ఖాతాలో పడే పరుగులు) బాగుంది, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్లను అవుట్ చేయడం) బాగున్నాయి, ఇన్నింగ్స్ తక్కువ, గెలుపులు ఇంకా తక్కువ. ఆర్బిట్రేషన్‌లో స్టార్టర్ విలువను ఇప్పటికీ ఎక్కువగా ఇన్నింగ్స్, స్టార్టుల సంఖ్యతోనే తూస్తారు. క్లబ్బులు లోపల ఎంత ఆధునిక లెక్కలు వాడినా ఆ గదిలో చెల్లేవి బయటి జనానికి అందుబాటులో ఉన్న గణాంకాలే, పాత కేసులతో పోల్చడానికి వీలైనవే.

డిసెంబరులో క్లబ్ రెండు ప్రతిపాదనలు ఒకేసారి పెట్టింది. ఒకటి, ఒక ఏడాదికి 23 లక్షల డాలర్లు. రెండోది, నాలుగేళ్ళకు 2.4 కోట్ల డాలర్ల గ్యారంటీ, దాని మీద రెండు క్లబ్ ఆప్షన్లు, అంటే ముందే రాసుకున్న ధరకు అతన్ని ఇంకో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది క్లబ్ ఇష్టం: ఐదో ఏడు 1.1 కోట్లు, ఆరో ఏడు 1.2 కోట్లు. ఆప్షన్ వద్దనుకుంటే క్లబ్ ఇచ్చే బయౌట్ 10 లక్షలు, అది గ్యారంటీలోనే కలిసి ఉంది.

అతను ఫోన్‌లో అన్న మొదటి మాట: "రెండున్నర కోట్లకి దగ్గరగా ఉంది కదా, సంతకం పెట్టేద్దాం." మా సీనియర్ ఏజెంట్ ఆ రోజు జవాబు చెప్పలేదు, లెక్కలు చూశాక మాట్లాడదామంది. అక్కడ ఏజెంటుకూ ఒక ప్రలోభం ఉంటుంది. ఏజెంటు కమిషన్ కాంట్రాక్టు మీద శాతంగా వస్తుంది. ఇవాళ సంతకమైతే నాలుగేళ్ళ కమిషన్ ఖాయం, ఆగితే ఆటగాడి మోచెయ్యి ఏమవుతుందో తెలియదు. అందుకే పొడిగింపు లెక్కల్ని మేం ఏజెంటు నోటి ద్వారా కాకుండా కాగితం మీద నేరుగా ఆటగాడి ముందే పెడతాం.

లెక్క ఎలా వేశాం

ముందుగా నాలుగు ఆర్బిట్రేషన్ సంవత్సరాలకు మూడు దారులు గీశాం. ఆరోగ్యంగా ఉండి ఎదిగితే 27, 55, 90, 130 లక్షలు, కలిపి 3.02 కోట్లు. మామూలు స్టార్టర్‌గా మిగిలిపోతే 27, 45, 65, 85 లక్షలు, కలిపి 2.22 కోట్లు. రెండో ఏడు పెద్ద గాయమైతే 27, 50, మళ్ళీ 50 లక్షలు, ఆ తర్వాత క్లబ్ కాంట్రాక్టు ఇవ్వకుండా వదిలేయొచ్చు. అప్పుడు మొత్తం 1.27 కోట్లు. ఏడాదంతా ఆడలేనివాడికి ఆర్బిట్రేషన్‌లో సాధారణంగా పాత జీతమే మళ్ళీ ఇస్తారు కాబట్టి మూడో ఏట కూడా 50 వేశాం.

ఈ వరుసలన్నిటికీ పునాది మొదటి ఏడాది అంకె. ఆర్బిట్రేషన్‌లో జీతం పోయినేటి మీద పెరుగుతూ పోతుంది. సూపర్ టూ ఆటగాడికి అది నాలుగు మెట్లు. మొదటి మెట్టు మూడు లక్షలు తగ్గితే నాలుగో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా చాలా పెద్దదవుతుంది. అందుకే పొడిగింపు ఒప్పుకునే ఉద్దేశం ఉన్నా సరే, ఏడాది కేసును పూర్తి బలంతో తయారుచేయాలని మొదటి రోజే నిర్ణయించాం. క్లబ్ కూడా తన బహుళ సంవత్సరాల ఆఫర్‌ను ఇదే పునాది మీద కట్టింది. పునాది కదిలితేనే పై అంతస్తులు కదులుతాయి.

2.4 కోట్లు మామూలు దారి కన్నా ఎక్కువ, మంచి దారి కన్నా తక్కువ. రెండో సర్జరీ భయం ఉన్న పిచ్చర్‌కి ఇది అన్యాయమైన ధర కాదు. ఆ మాట అతనికి నిజాయితీగా చెప్పాం. అన్యాయం ఆప్షన్లలో ఉంది. అతను ఎలాగూ నాలుగేళ్ళ తర్వాత, 30 ఏళ్ళ వయసులో ఫ్రీ ఏజెంట్ అవుతాడు. రెండు ఆప్షన్లూ క్లబ్ వాడుకుంటే 32 వస్తుంది. 30 ఏళ్ళ స్టార్టర్‌కి నాలుగేళ్ళ కాంట్రాక్టు ఆశించొచ్చు, 32 దాటాక రెండేళ్ళు దొరకడమే గగనం. పైగా ఆప్షన్ అనేది ఒకవైపు తలుపు. చెయ్యి బాగుంటే క్లబ్ చవగ్గా ఉంచుకుంటుంది, బాగోకపోతే 10 లక్షలిచ్చి పంపేస్తుంది.

అట్లాంటా బ్రేవ్స్ 2019లో ఓజీ ఆల్బీస్‌తో చేసుకున్న కాంట్రాక్టును ఈ రంగంలో అందరూ ఇందుకే గుర్తుపెట్టుకున్నారు. ఏడేళ్ళకు 3.5 కోట్లు, పైన ఒక్కొక్కటి 70 లక్షల చొప్పున రెండు ఆప్షన్లు. గ్యారంటీ డబ్బు గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ ఆప్షన్ ధరలు చూసి ఆటగాళ్ళ తరఫున పనిచేసేవాళ్ళమంతా ఉలిక్కిపడ్డాం.

ఏం ప్రయత్నించాం, ఏవి ఫలించలేదు

మొదట రెండు ఆప్షన్లూ తీసేయమని అడిగాం. క్లబ్ మూడు రోజుల్లో ఆఫర్‌నే వెనక్కి తీసుకుంది. ఇది ఊహించనిదేమీ కాదు. క్లబ్ వైపు నుంచి చూస్తే, పాత సర్జరీ, కొత్త వాపు ఉన్న చేతికి నాలుగేళ్ళ గ్యారంటీ ఇవ్వడమంటే రిస్కంతా తన నెత్తిన వేసుకోవడం. దానికి ప్రతిఫలం ఆ ఆప్షన్ సంవత్సరాలే. అవి లేకపోతే ఏడాదికోసారి ఆర్బిట్రేషన్ జీతమిస్తూ, చెయ్యి దెబ్బతింటే వదిలేయడమే వాళ్ళకు లాభం. అడగక తప్పదు కాబట్టి అడిగాం. వాళ్ళు ఎక్కడ కదలరో దానితో తెలిసింది.

తర్వాత ఏడాది జీతం మీద బేరం. క్లబ్ 23 నుంచి 23.5 లక్షలకు వచ్చి ఆగిపోయింది. ఈ క్లబ్ 'ఫైల్ అండ్ ట్రయల్' పద్ధతి పాటిస్తుంది. అంటే రెండు పక్షాలూ అంకెలు ఇచ్చిపుచ్చుకునే గడువు దాటాక ఏడాది కాంట్రాక్టు మీద ఇక బేరం ఉండదు, నేరుగా హియరింగే.

అందువల్ల ఏ అంకె ఫైల్ చేయాలన్నది ముఖ్యమైన నిర్ణయమైంది. అతనికి 31 లక్షలు పెట్టాలని ఉంది, ఎందుకంటే తోటి పిచ్చర్ ఒకడికి అంత వచ్చింది. ఇక్కడ మేం గట్టిగా నిలబడ్డాం. ఆర్బిట్రేటర్లు ఆటగాడి ధరను సున్నా నుంచి లెక్కగట్టరు. రెండు అంకెల మధ్యబిందువుకు అతను పైన ఉన్నాడా, కింద ఉన్నాడా అన్నదే చూస్తారు. క్లబ్ 24 దగ్గర పెడుతుందని అంచనా వేశాం. మేం 31 పెడితే మధ్యబిందువు 27.5. మాకున్న బలమైన పోలికలు ఇద్దరు పిచ్చర్లు, ఇద్దరూ 27 దగ్గరే ఉన్నారు. అంటే మా సాక్ష్యమే మమ్మల్ని ఓడిస్తుంది. 29 పెడితే మధ్యబిందువు 26.5, అదే ఇద్దరు మా పక్కకు వస్తారు. 31 వచ్చిన పిచ్చర్ అతనికన్నా చాలా ఎక్కువ ఇన్నింగ్స్ వేశాడు కాబట్టి అతని పేరే కేసులోంచి తీసేశాం. బలహీనమైన పోలిక ఒకటి పెడితే క్లబ్ లాయరు తన అరగంటంతా దాని మీదే గడుపుతాడు.

29 ఫైల్ చేశాం. క్లబ్ సరిగ్గా 24 పెట్టింది.

నమూనా హియరింగ్

హియరింగ్‌లో ఆటగాడు ఎదురుగా కూర్చుని ఉండగానే సొంత క్లబ్ అతని లోపాలు ఒక్కొక్కటిగా చదువుతుంది. 2023లో కార్బిన్ బర్న్స్ 1.075 కోట్లు అడిగి, మిల్వాకీ బ్రూవర్స్ చెప్పిన 1.001 కోట్లకు ఓడిపోయాడు. ఆ గదిలో విన్న మాటల వల్ల క్లబ్‌తో సంబంధం దెబ్బతిందని బయటికే చెప్పాడు. ఏడాది తిరిగేసరికి అతన్ని బాల్టిమోర్‌కి ట్రేడ్ చేశారు. రెండు అంకెల మధ్య తేడా 7.4 లక్షల డాలర్లే.

అందుకే మా ఆటగాళ్ళకు నమూనా హియరింగ్ పెడతాం. క్లబ్ వాదన మా వాళ్ళే, ఎంత కటువుగా చేయగలరో అంత కటువుగా చేస్తారు. క్లబ్ తరఫున వాదించే పని ఆ రోజు నాది. నాలుగో ఎగ్జిబిట్‌లో స్టార్టుకు సగటు ఇన్నింగ్స్ పట్టీ పెట్టాను, ఆరో ఇన్నింగ్స్ పూర్తిచేయని ఆటలన్నీ బూడిద రంగులో. అతను తల ఊపుతూ చూశాడు, ఒకచోట "ఆ రోజు వాన పడింది" అని నవ్వాడు కూడా. ఐదో ఎగ్జిబిట్ కెరీర్ మొత్తం క్యాలెండర్: సర్జరీ తర్వాత గడిచిన నెలలు, వాపుతో పోయిన ఆరు వారాలు ఎర్రగడుల్లో. అది తెర మీద కనపడగానే అతని చెయ్యి తనకు తెలియకుండానే మోచేతి మీదికి వెళ్ళింది. వాదన అయ్యాక ఒక్కటే అడిగాడు: "ఆ ఎర్రగడుల కాగితం నాకొకటి ఇస్తారా?"

ఆ సాయంత్రం మా సీనియర్ ఏజెంట్ అతనితో చాలాసేపు మాట్లాడింది. అప్పటిదాకా మేం అతని టెన్షన్ డబ్బు గురించి, పుట్టబోయే బిడ్డ గురించి అనుకున్నాం. అసలు భయం రెండో సర్జరీ. నాలుగేళ్ళ గ్యారంటీ అతనికి నిజంగా కావాలి, దానికోసం కొంత ధర చెల్లించడానికి సిద్ధం. అయితే "ముప్పై రెండేళ్ళ దాకా నేనెక్కడ ఆడాలో వేరేవాళ్ళు చెప్పడం" మాత్రం ఇష్టం లేదని తనే స్పష్టంగా అన్నాడు. ఆ మాటతో మాకు బేరం ఆకారం దొరికింది: గ్యారంటీలో కొంచెం వదులుకుని, ఒక సంవత్సరాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

మరో విషయం కూడా తూకంలో పడింది. 2022 ఒప్పందం ప్రకారం హియరింగ్ లేకుండా కుదిరిన ఏడాది జీతాలకు పూర్తి గ్యారంటీ ఉంటుంది. హియరింగ్‌లో తేలిన జీతానికి ఆ గ్యారంటీ లేదు. మోచేతి మీద అనుమానమున్న పిచ్చర్‌కి గెలిచిన 29 లక్షలు కూడా వసంత శిబిరం ముగిసేదాకా పూర్తిగా చేతికొచ్చినట్టు కాదు.

ఏది పనిచేసింది

ఫైల్ అండ్ ట్రయల్ పాటించే క్లబ్బులకు కూడా ఒక తలుపు తెరిచే ఉంటుంది. గడువు దాటాక ఏడాది కాంట్రాక్టు మాట్లాడరు గానీ, బహుళ సంవత్సరాల కాంట్రాక్టు, ఆప్షన్ ఉన్న కాంట్రాక్టు మాట్లాడతారు. కారణం ఏమిటంటే అలాంటి కాంట్రాక్టును రేపు మరో ఆటగాడు తన ఏడాది కేసులో పోలికగా చూపించడం కష్టం. క్లబ్బులు కాపాడుకునేది ఆ ఒక్క అంకెనే కాదు, దాని వెనక వచ్చే ఆటగాళ్ళందరి అంకెల్నీ. ఇది తెలిసే హియరింగ్‌కు వారం ముందు కొత్త ప్రతిపాదన పంపాం.

నాలుగేళ్ళు, బయౌట్‌తో కలిపి 2.35 కోట్లు. ఆప్షన్ ఒక్కటే. దాని మూల ధర 1.2 కోట్లు, బయౌట్ 20 లక్షలు. మూడు, నాలుగు సీజన్లలో అతను వేసిన స్టార్టుల సంఖ్య మెట్లు దాటేకొద్దీ ఆప్షన్ ధర 1.6 కోట్ల దాకా పెరుగుతుంది. లీగ్ నియమాల్లో ఈఆర్ఏకో గెలుపులకో బోనస్ కట్టడానికి వీల్లేదు. స్టార్టులు, ఇన్నింగ్స్, అవార్డుల్లాంటి వాటికి మాత్రమే కట్టొచ్చు. మాకది అనుకూలమే. ఎక్కువ స్టార్టులు వేశాడంటే చెయ్యి బాగున్నట్టు, చెయ్యి బాగుంటే అతని మార్కెట్ ధర పెరిగినట్టు. క్లబ్ కూడా అదే కారణంతో ఒప్పుకోగలదు: ఎక్కువ ధర కట్టాల్సిన పరిస్థితి వస్తే తమ పెట్టుబడి ఫలించినట్టే.

క్లబ్ రెండో ఆప్షన్ కోసం రెండు రోజులు పట్టుబట్టింది. ఇక్కడ మా ఏడాది కేసు పనికొచ్చింది. మధ్యబిందువు 26.5 దగ్గర మా ఇద్దరు పిచ్చర్లు ఎంత బలంగా ఉన్నారో వాళ్ళ లాయర్లకూ తెలుసు. ఓడితే సూపర్ టూ స్టార్టర్‌కి 29 లక్షల ఉదాహరణ తయారవుతుంది, అది లీగ్ మొత్తానికి ఇబ్బంది. చివరికి మొదటి ఏడాది జీతం 26.5 లక్షలు, ఒక్క ఆప్షన్, మేం అడిగిన మెట్లలో ఒకటి తగ్గించి సంతకాలయ్యాయి. గ్యారంటీలో 5 లక్షలు వదులుకుని, ఆటగాడు ఒక ఏడాది స్వేచ్ఛ తెచ్చుకున్నాడు. ఫ్రీ ఏజెన్సీ ఎంత ఆలస్యమైనా 31 దాటదు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. రెండో సీజన్లో అతని భుజం ఇబ్బంది పెట్టి చాలా ఆటలు పోయాయి. మోచెయ్యి నిలబడింది. జీతం ఒక్క డాలరు తగ్గలేదు, తొందరపడి తిరిగి రావాల్సిన అవసరం కూడా రాలేదు. దీన్ని చూసి "మంచి బేరం చేశారు" అన్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. భుజం నొప్పి రాకపోయి ఉంటే అతను ఆర్బిట్రేషన్ దారిలో ఇంకా ఎక్కువ సంపాదించి ఉండేవాడు, అప్పుడు ఇదే బేరాన్ని చెడ్డదనేవారు. కాంట్రాక్టును సంతకం నాడు తెలిసిన విషయాలతో, ఆ ఆటగాడికి ఏది ఎంత భయమో దానితో తూచాలి.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

ఇంతకుముందు నమూనా హియరింగ్ ఆటగాడిని ఆ గదికి సిద్ధం చేయడానికే పెట్టేవాళ్ళం, అందుకే హియరింగ్‌కు కొద్ది రోజుల ముందు జరిగేది. ఇప్పుడు దాన్ని అంకెల మార్పిడి గడువుకు ముందుకు జరిపాం. కూర్చోబెట్టి "మీకు రిస్క్ ఎంత ఇష్టం?" అని అడిగితే ఏ కుర్రాడూ సరైన జవాబు చెప్పలేడు. తన కేసును ఎదుటివాళ్ళ నోటి నుంచి విన్నప్పుడు ఎక్కడ కదులుతాడో చూస్తే చాలావరకు తెలుస్తుంది. అది ముందే తెలిస్తే మొదటి ప్రతి-ప్రతిపాదనే వేరేలా రాయొచ్చు.

ఆప్షన్ల గురించి మాట్లాడే క్రమం కూడా మారింది. అన్నీ తీసేయమని మొదలుపెట్టడం మానలేదు, కానీ ఆ ప్రతిపాదనతో పాటే స్టార్టుల మెట్లున్న ఒక్క ఆప్షన్ రూపాన్ని కూడా సిద్ధంగా ఉంచుకుంటున్నాం. క్లబ్ రిస్క్ తీసుకుంటున్నప్పుడు దానికి ఏదో ఒకటి దక్కాలి. అది ఎంత కాలం, ఎంత ధరకు అన్నదే మన పని. బయౌట్ పెంచమని అడగడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆప్షన్ వద్దనుకోవడం క్లబ్‌కి చవక కాకుండా చేసేది అదే.

ప్రస్తుత ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. సూపర్ టూ, ఆర్బిట్రేషన్ నియమాలు ఎలా మారతాయో దాన్నిబట్టి ఈ లెక్కలన్నీ తిరగరాయాలి. ఏ నియమం వచ్చినా పొడిగింపు ఆఫర్ మీద మేం తయారుచేసే ఫైల్లో మొదటి కాగితం మారదు. అందులో డాలర్లుండవు. ఎడమవైపు సంవత్సరాలు, కుడివైపు ఆ ఏడాది ఆటగాడి వయసు, మధ్యలో ఆ సంవత్సరం మీద నిర్ణయం క్లబ్‌దా, ఆటగాడిదా అన్న గడి. డబ్బు రెండో కాగితం మీద ఉంటుంది.